చిలకపచ్చ అంచు ఒక్కో స్క్రీన్‌లో ఒక్కోలా ఎందుకు?

ప్రశ్న: మాది చీరాల. నేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. కెమెరాతో ఫొటోలు తీసి, కంప్యూటర్లో సరిచేసి పంపుతాను. నా దగ్గర నిండు చిలకపచ్చగా ఉన్న అంచు కొనేవాళ్ల ఫోన్లలో వెలిసిపోయినట్టు ఉంటోందట. ఫోన్‌తో తీసిన ఫొటోలైతే మా తమ్ముడి కొత్త ల్యాప్‌టాప్‌లో రేడియంలా మెరుస్తున్నాయి. రంగు తేడాగా ఉందని రెండు చీరలు తిరిగొచ్చాయి. ఏ స్క్రీన్‌ను నమ్మాలి?

జవాబు: మీరు పంపిన ఫైలు పేరులోనే సగం జవాబు దొరికిందండీ. అది అండర్‌స్కోర్ గీతతో మొదలైంది. కెమెరా మెనూలో కలర్ స్పేస్‌ను, అంటే రంగుల్ని అంకెల్లో రాసే కొలతను, ‘అడోబ్ ఆర్‌జీబీ’గా పెడితే పేరు ముందుకు ఆ గీత వస్తుంది.

ఫొటో ఫైల్లో ఉండేవి అంకెలే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత అని ఒక్కో చుక్కకూ మూడేసి అంకెలు. మూర పూలు అడిగితే ఎవరి చేతి మూర అన్న ప్రశ్న వచ్చినట్టే, ఈ అంకెలకూ ఏ కొలత అన్నది తెలియాలి. ఫైల్లో ఉండే ఐసీసీ ప్రొఫైల్ ఆ సంగతి చెబుతుంది. మామూలు మానిటర్ల కోసం హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ 1996లో తెచ్చిన కొలత ఎస్‌ఆర్‌జీబీ. 1998లో వచ్చిన అడోబ్ ఆర్‌జీబీ ఆకుపచ్చల వైపు దానికన్నా విశాలం. ఎస్‌ఆర్‌జీబీలో 0, 255, 0 అని రాసే పచ్చని అడోబ్ ఆర్‌జీబీలో 144, 255, 60 అని రాస్తారు. ప్రొఫైల్‌ను పట్టించుకోని యాప్ ఈ రెండో వరసను ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చూపిస్తే పసుపు కలిసిన లేత పచ్చ వస్తుంది. మీ అంచు వెలిసింది అక్కడే.

మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో జరిగేది దీనికి తలకిందులు. ఆ స్క్రీన్ ఎక్కువ రంగులు చూపగలదు. యాప్ లెక్క మార్చకుండా 0, 255, 0 అంకెల్ని నేరుగా పంపితే, అది తన దగ్గరున్న అతి గాఢమైన పచ్చని వెలిగిస్తుంది. సెట్టింగ్స్‌లో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే పెట్టి చూడమనండి.

మీరు ముందు కెమెరాను ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. పాత ఫొటోలకు ఫొటోషాప్‌లో ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ నొక్కి ఎస్‌ఆర్‌జీబీ ఎంచుకోండి. పక్కనే ఉండే ‘అసైన్ ప్రొఫైల్’ జోలికి మాత్రం వెళ్లొద్దు. కన్వర్ట్ రంగును నిలిపి అంకెల్ని మారుస్తుంది, అసైన్ అంకెల్ని అలాగే ఉంచి పేరు మాత్రం మారుస్తుంది, రంగు చెడుతుంది. సేవ్ చేసేటప్పుడు ఐసీసీ ప్రొఫైల్ గడిలో టిక్ ఉండాలి.

ఇక మీ మానిటర్. నైట్ లైట్, కళ్లకు హాయి అంటూ వచ్చే మోడ్‌లు, ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ అన్నీ ఆపేయండి. ఆ పసుపు తెరను చూస్తూ సరిచేసిన చీర పక్కవాళ్ల స్క్రీన్‌లో నీలంగా తేలుతుంది. అప్పటికీ తేడా ఉంటే కలరీమీటర్ కావాలి. స్క్రీన్‌కు ఆనించి పెడితే ఒక్కో రంగునూ కొలిచి, ఆ మానిటర్‌కే సరిపడే ప్రొఫైల్ తయారుచేస్తుంది. కొలిచే ముందు దాని సాఫ్ట్‌వేర్‌లో తెలుపు ఛాయ 6500 కెల్విన్, గామా (నడిమి వెలుగులు ఎంత ఉండాలన్న లెక్క) 2.2 పెట్టుకోండి. వేరేవాళ్ల మానిటర్ ప్రొఫైల్ తెచ్చి వేసుకోవద్దు. ఒకే మోడల్ మానిటర్లు రెండు కూడా ఒకేలా ఉండవు. ఈ పరికరం రోజూ పనిపడేది కాదు, నలుగురైదుగురు దుకాణదారులు కలిసి కొనుక్కుంటే సరిపోతుంది.

కొనేవాళ్ల ఫోన్లను మాత్రం మనం సరిచేయలేం. అందుకే ప్రతి చీరకూ ట్యూబ్‌లైట్ ఆపి, కిటికీ పక్కన పగటి వెలుతురులో ఒక ఫొటో తీయండి. మడత మీద తెల్ల కాగితం ముక్క ఉంచండి. ఆ కాగితం తమ ఫోన్లో పసుపుగా కనిపిస్తే తేడా చీరలో లేదని వాళ్లకే అర్థమవుతుంది.