బందరు గాలికి ఆగే కవరు

చిన్నీ,

ఉద్యోగం మానేసి పొడుల వ్యాపారం పెడుతున్నావట, అదీ ప్లాస్టిక్ లేకుండా. మీ నాన్న ఫోన్లో టెన్షన్ పడుతూ చెప్పాడు. నేను "సరే, చూద్దాంలే" అని పెట్టేసి, మీ పెద్దమ్మతో మాత్రం "మన పిల్లే!" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్, కవరు మీద తూకం, తేదీ, ధర. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది వాన.

నర్సరావుపేటలో దుకాణం నడిపే రోజుల్లో నేనూ నీలాగే ఎగిరాను. గోధుమరంగు కాగితం కవరు, లోపల మట్టిలో కలిసిపోతుందన్న పల్చటి పొర. ఏప్రిల్‌లో పది కవర్లలో కందిపొడి నింపి అటక మీద పెట్టి, నెలకి విప్పితే పొడి పొడిగానే ఉంది, వెల్లుల్లి వాసన గుప్పుమంది. ఇంకేం, అయిదు వేల కవర్లు అచ్చు వేయించాను. ఆ ఎండల్లో గాలికే తేమ లేదు, ఇక పొడికెక్కడిది? ఆ ముక్క బుర్రకెక్కలేదు.

శ్రావణంలో సరుకు బందరు కొట్లకు పంపాను. సముద్రపు గాలి, పైన ముసురు. మూడు వారాలకు మూటలు తిరిగొచ్చాయి. మీ పెద్దమ్మ ఒక కవరు చింపి పళ్ళెంలో బోర్లించింది. పొడి రాలలేదు. కవరు ఆకారంలోనే ముద్ద పడింది. వేలితో పొడిచి, వాసన చూసి, నా వంక చూడకుండా వెళ్ళి చేతులు కడుక్కుంది. తిట్టినా బాగుండేది. డబ్బు ఎలాగూ పోయింది. ప్లాస్టిక్ మానేద్దామనే చేశానని కొట్టాయనతో అంటే, "క్వింటాలు పొడి పారబోశాక ఇంకేం మిగిల్చారండీ?" అన్నాడు. మళ్ళీ ఆర్డరు ఇవ్వలేదు.

కాగితమూ, మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ పొరా తేమను గట్టిగా ఆపలేవు. పైగా పీఎల్ఏ పెరట్లో పాతితే తోటకూర కాడలా కుళ్ళదు, కంపోస్టు ప్లాంటులో అరవై డిగ్రీల దాకా వేడి కావాలి. అమ్మేవాడు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) సర్టిఫికెట్ చూపించకపోతే కొనకు. ఆకు బొమ్మ వేసి ‘ప్రకృతిహితం’ అని రాసేస్తావేమో, 2024లో కేంద్రం గ్రీన్‌వాషింగ్ మీద, అంటే పర్యావరణానికి మేలని ఉత్తుత్తి గొప్పలు చెప్పుకోవడం మీద, మార్గదర్శకాలు తెచ్చింది, రుజువు అడుగుతారు.

ఊళ్ళోవాళ్ళకు గాజు సీసాలివ్వు, ఖాళీది తెస్తే పది రూపాయలు తగ్గించు. దూరానికి మాత్రం ఒకే రకం ప్లాస్టిక్ కవరు వాడు. వెండిలా మెరిసే పొర అతికించినదానికన్నా దాన్ని మళ్ళీ కరిగించడం తేలిక. ముఖం ముడుచుకోకు, నీకిది నచ్చదని నాకు తెలుసు.

నీ కాగితం కవర్లంటావా, ఓ పది పంపు. పెద్దమ్మ కందిపప్పు వేయించి ఉంచుతానంది. ఈ శ్రావణంలో వాటిని బందరులో మీ అత్తయ్య వంటింట్లో పెట్టిద్దాం.

మీ పెదనాన్న