నాన్న వాచీ ఎవరికిచ్చావని అడిగాడు మా అబ్బాయి

ప్రశ్న: నా వయసు 58. రాజమండ్రిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మావారు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి, రిటైరైన రెండేళ్లకే గుండెపోటుతో పోయారు. వచ్చే నెలకి మూడేళ్లు. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి డల్లాస్‌లో ఉంటారు. రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద నడకకి వెళ్తాను. ఎనిమిది నెలల కిందట అక్కడే ఒకాయన పరిచయమయ్యారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. 63 ఏళ్లు, భార్య పోయి ఐదేళ్లయింది. నడక అయ్యాక బండి దగ్గర టీ తాగి ఓ అరగంట మాట్లాడుకుంటాం. సగం మాటలు వాళ్లావిడ గురించి, మావారి గురించే. అంతకు మించి ఏమీ లేదు. మావారి హెచ్‌ఎంటీ వాచీ ఆగిపోతే, తెలిసిన షాపు ఉందన్నారని బాగు చేయించమని ఆయనకిచ్చాను. మొన్న సెలవులకి వచ్చిన మా అబ్బాయి బీరువాలో వాచీ ఏదని అడిగాడు. ఉన్నమాట చెప్పాను. అప్పటికే మా ఆడపడుచు మేం టీ తాగుతుండగా చూసి వాడికి ఫోన్ చేసి చెప్పిందట. "నాన్న వాచీ ఎవడికో ఇచ్చావా? ఈ వయసులో ఇవేం పనులమ్మా?" అని అరిచి మర్నాడే వెళ్లిపోయాడు. ఇప్పుడు ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. ఈ గొడవ చెబితే ఆయన, "మనం పెళ్లి చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు కదా" అన్నారు. నాకు పెళ్లి ఆలోచన లేదు. అలాగని ఆ అరగంట కూడా లేకపోతే రోజంతా ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గడిచిపోతుంది. 2015 పుష్కరాల్లో మావారితో కలిసి మునిగిన ఘాట్ పక్కనే ఇంకొకరితో నడుస్తున్నానని ఒక్కోసారి తప్పుగా అనిపిస్తుంది. ఇల్లు మావారి పేరు మీదే ఉంది. నాకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి ఆడపడుచు ఫోన్, అబ్బాయి కోపం, పెళ్లి మాట కనిపించాయి. రెండోసారి చదివేటప్పుడు మాత్రం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "సగం మాటలు వాళ్లావిడ గురించి, మావారి గురించే" అని రాశారే, అక్కడ.

ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజులూ ఆయన కబుర్లే. వచ్చినవాళ్లందరూ ఆయన ఎంత మంచివాడో చెబుతారు. సంవత్సరీకం దాటిందా, ఇక ఆ పేరెత్తేవాళ్లు ఉండరు. ఎత్తితే అమ్మ ఏడుస్తుందని పిల్లలు ఎత్తరు. పిల్లలు దూరాన ఉండి బాధపడతారని అమ్మ ఎత్తదు. అందరూ ఒకరి కోసం ఒకరు నోరు కట్టేసుకుంటారు. చివరికి ఆ పేరు గోడ మీది ఫొటోకీ, పెన్షన్ కాగితాలకీ మిగులుతుంది. ఆయన ఉప్పు ఎక్కువైతే ఎలా విసుక్కునేవారో, బస్సెక్కే ముందు జేబు ఎన్నిసార్లు తడుముకునేవారో చెప్పుకోవడానికి మీకు ఎనిమిది నెలల కిందట గట్టు మీద ఒక మనిషి దొరికారు. ఆ మనిషికీ చెప్పుకోవలసిన భార్య ఒకరున్నారు. పుష్కరాల్లో మునిగిన ఘాట్ దగ్గర మీరు మీవారి గురించే మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. అది ఆయన్ని మర్చిపోవడం ఎలా అవుతుంది?

ఇంకో సంగతి మీరు రాయలేదు, నేను ఊహిస్తున్నాను. తప్పయితే కొట్టేయండి. రోజంతా ఒక్క మాట లేకుండా గడుస్తుందన్నారు. రాజమండ్రిలో ముప్పై ఏళ్లో, నలభై ఏళ్లో కాపురం చేసిన మనిషికి స్నేహితురాళ్లే లేరా? ఉండే ఉంటారు. భర్త పోతే మన ఆడవాళ్లకి ఒక్క మనిషితో పోదు. శ్రావణ శుక్రవారం వాయనానికి పిలవరు. అట్లతద్దికి పిలవరు. పెళ్లిళ్లకి శుభలేఖ వస్తుంది, కానీ మంగళసూత్రానికి పసుపు రాసే చోట మీకు పని చెప్పరు. ఎవరూ పొమ్మనకపోయినా మీరే ఓ మూల కుర్చీ చూసుకుంటారు. భార్యాభర్తలు నలుగురైదుగురు కలిసి వనభోజనాలకి వెళ్లే బృందంలో మీ పేరు మెల్లగా జారిపోతుంది. మగవాడికి ఇలా జరగదు. ఏడాది తిరగకుండా "వంటకైనా ఒక మనిషి ఉండాలి కదండీ" అంటూ సంబంధాలు తెస్తారు. ఆడమనిషి చేతిలో విష్ణుసహస్రనామం పుస్తకం పెట్టి, కాలక్షేపం అవుతుందంటారు. పుస్తకం మంచిదే. పారాయణ అయ్యాక మిగిలిన పూట సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

అందుకే ఆ టీ బండి దగ్గరి అరగంట మీకు అంత పెద్దదైంది. ఆ స్నేహం తప్పని నేననను. కానీ రోజు మొత్తం బరువు ఆ ఒక్క అరగంట మీదే పెట్టారు, అది నాకు భయం. రేపు ఆయన కూతురింటికి వెళ్లిపోయినా, మోకాలి ఆపరేషన్ అని మూడు నెలలు నడక మానేసినా మీ గతేంటి? మీ ఊళ్లో గౌతమీ గ్రంథాలయం ఉంది. అక్కడ పేపరు తిరగేసి ఓ గంట కూర్చోవచ్చు, నాలుగు రోజులు వెళ్తే మొహాలు తెలుస్తాయి. గట్టు మీద నడిచే ఆడవాళ్లలో మీలా ఒంటరిగా వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లని టీకి పిలవండి. ఇంతకుముందు పేరంటానికి పిలిచిన స్నేహితురాలికి ఈసారి మీరే ఫోన్ చేసి భోజనానికి రమ్మనండి. పిలుపు కోసం చూస్తూ కూర్చుంటే రాదు, ఇది కొంచెం చేదుగానే చెబుతున్నాను.

ఇక ఆయన అన్న పెళ్లి మాట. మీది ఎలాంటి ఊరో మీకు నేను చెప్పక్కర్లేదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ రాజమండ్రిలోనే. ఆ పెళ్లి గిట్టనివాళ్లు వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రాకుండా కట్టడి చేస్తే, భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చారు. ఆ రోజుల్లో తల చెడినవాళ్లు పసిపిల్లలు, వాళ్లకి ముందు బతుకంతా ఉంది. వాళ్లకి పెళ్లే దారి. మీ సంగతి వేరు. మీకు 58 ఏళ్లు, సొంత ఇంట్లో ఉన్నారు, సొంతంగా బతుకుతున్నారు. పెళ్లి చేసుకోవాలనిపిస్తే చేసుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. హైదరాబాద్‌లో పెద్ద వయసువాళ్లకి తోడు వెతికిపెట్టే తోడు నీడ లాంటి సంస్థలున్నాయి, అరవైల్లో పెళ్లి చేసుకుని హాయిగా ఉన్నవాళ్లున్నారు. కానీ మీరు వద్దంటున్నారు. ఊరి నోరు మూయించడానికి పెళ్లి చేసుకుంటే, ఊరు రెండు రోజుల్లో మర్చిపోతుంది, అన్నం మాత్రం మీరు మూడు పూటలా వండాలి.

అయితే ఒక విషయంలో మీ వైపు కూడా లోటుంది. పెళ్లి ఆలోచన లేదని నాకు రాశారు. ఆయనకి చెప్పారా? చెప్పినట్టు ఉత్తరంలో లేదు. ఆయన ఆ మాట మిమ్మల్ని ఓదార్చడానికి అని ఉండొచ్చు, మనసులో ఉండే అని ఉండొచ్చు. రెండోదైతే పాపం ఎదురుచూస్తూ ఉంటారు. రేపో ఎల్లుండో టీ తాగేటప్పుడే తేల్చి చెప్పండి: "మీతో మాట్లాడటం నాకు చాలా ఇష్టమండీ. పెళ్లి మాత్రం నాకొద్దు. ఇలాగే ఉందాం." ఆ తర్వాత ఆయన ఎలా ఉంటారో చూడండి. నాలుగు రోజులు ముభావంగా ఉండి మళ్లీ మామూలుగా వస్తే మీకు మంచి స్నేహితుడున్నట్టే. మళ్లీ మళ్లీ ఒత్తిడి పెట్టినా, డబ్బు సర్దమన్నా, మీ గురించి తన పిల్లలకి తెలియకుండా జాగ్రత్తపడుతున్నా, అప్పుడు మీరు వెనక్కి తగ్గాలి. ఇప్పటిదాకా రాసినదాన్ని బట్టి ఆయనలో నాకు తప్పేం కనబడలేదు. వాచీ బాగు చేయిస్తానని తీసుకెళ్లిన మనిషి మీద అనుమానపడమని నేను చెప్పను.

(ఇది చదివే మరికొందరి కోసం ఒక మాట. ఈ సోదరికి పరిచయం గట్టు మీద అయింది, మనిషిని రోజూ కళ్లారా చూస్తోంది. ఫోన్‌లో పరిచయమై, నెలలు గడిచినా మొహం చూపించకుండా, విదేశం నుంచి పంపిన బహుమతి కస్టమ్స్‌లో ఆగిపోయింది డబ్బు కట్టమని అడిగేవాళ్ల కథ వేరు. అలా డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.)

కాగితాల సంగతి కూడా అడిగారు. భర్త ఉద్యోగం మీద భార్యకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేదాకానే. అందుకే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు మళ్లీ పెళ్లి చేసుకోలేదని కూడా రాయించుకుంటారు. గుళ్లో దండలు మార్చుకుని ట్రెజరీకి చెప్పకుండా ఊరుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట వినకండి, బయటపడితే తీసుకున్నదంతా వెనక్కి కట్టాల్సి వస్తుంది. స్నేహానికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఎవరితో టీ తాగారో ట్రెజరీ అడగదు.

ఇంటి సంగతి. అది మీవారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీకూ అబ్బాయికీ అమ్మాయికీ సమాన వాటాలు వస్తాయి. ఆయన పోయేనాటికి మీ అత్తగారు ఉండి ఉంటే ఆవిడకీ ఒకటి. ఆయన పోయిన రోజునే మీ వాటా మీదైపోయింది. మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అది ఎక్కడికీ పోదు. అబ్బాయి కోపం చల్లారుతుందని మీ వాటా రాసిచ్చేయకండి. ఇవాళ వాడు ఇల్లు అడగలేదు, అడగనిదాన్ని మీరు ముందుగా చేతిలో పెట్టకండి. వంశవృక్షం సర్టిఫికెట్, ఇంటి దస్తావేజులు ఉన్నాయో లేదో చూసుకుని, ఓసారి లాయర్‌ని కలిస్తే చాలు.

ఆడపడుచు గురించి నాలుగు మాటలే. ఆవిడ పోగొట్టుకున్నది అన్నో తమ్ముడో. చాడీ చెప్పడం తప్పే. కానీ ఆవిడతో వాదనకి దిగకండి. ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, "గట్టు మీద మాట్లాడే ఆయన పేరు ఇది, ఫలానా బ్యాంకులో చేశారు, నీకూ పరిచయం చేస్తాను రా" అనండి. చాటుగా ఉన్నదాని గురించే జనం కథలు కడతారు. మీరు చాటుగా ఏమీ చేయలేదు, కాకపోతే చెప్పనూ లేదు.

ఇప్పుడు అబ్బాయి. వాడు టీ గురించి అరిచాడని మీరు అనుకుంటున్నారు. నేను వేరేగా చూస్తున్నాను. బెంగళూరు నుంచి సెలవులకి వచ్చిన పిల్లాడు బీరువా తెరిచి నాన్న వాచీ ఎందుకు వెతికాడు? కీ ఇచ్చుకునే ఆ పాత వాచీ పెట్టుకుని తిరగడానికి కాదు కదా. బహుశా వచ్చినప్పుడల్లా తీసి చూస్తాడేమో. చేతిలో పట్టుకుని, మీకు కనబడకుండా ఓ నిమిషం కూర్చుని మళ్లీ పెట్టేస్తాడేమో. మీకు నాన్న గురించి చెప్పుకోవడానికి గట్టు మీద ఒక మనిషి దొరికారు, వాడికి ఉన్నది ఆ వాచీ. ఈసారి తెరిస్తే అదీ లేదు. పైగా అది పరాయి మనిషి దగ్గర ఉందన్నారు. ఆ కోపంలో వాడన్న మాటలు సరైనవని నేననను, "ఈ వయసులో" అని తల్లిని అనడం పొరపాటే. ఆ మాట మీకు నొప్పి పుట్టించిందని వాడికి తెలియాలి, మీరే చెప్పాలి. కానీ అది రెండో మాటగా చెప్పండి.

మొదటి మాట నాన్న గురించి కావాలి. ఫోన్‌లో వద్దు, పొడిగా మొదలైన ఫోన్ పొడిగానే ముగుస్తుంది. వచ్చే నెల తద్దినానికి ఎలాగూ వస్తాడు. ఈలోగా వాచీ తెప్పించుకోండి. అమ్మాయికి మీరే ముందు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి, తమ్ముడి నోటో అన్న నోటో వింటే డల్లాస్‌లో ఇంకో గొడవ లేస్తుంది. ఈలోగా రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, గుండె బరువెక్కినా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్లకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

తద్దినం రోజు బ్రాహ్మలు వెళ్లాక, వచ్చినవాళ్లు సర్దుకున్నాక, రాత్రి వాచీకి కీ ఇచ్చి అబ్బాయి చేతిలో పెట్టండి. "ఇది ఎందుకు వెతికావురా?" అని అడిగి ఊరుకోండి. వాడు చెప్పేదాకా మీరు మాట్లాడొద్దు. చెప్పడం మొదలుపెడితే వినండి, మీకు గుర్తున్నవి మీరూ చెప్పండి, ఏడుపొస్తే ఇద్దరూ ఏడవండి. గట్టు మీది స్నేహితుడి సంగతి వాడు ఎత్తితే దాచకుండా చెప్పండి. ఎత్తకపోతే మర్నాడు పొద్దున నడకకి చెప్పులేసుకుంటూ "నువ్వూ వస్తావా?" అని పిలవండి. రానంటే మీరు వెళ్లి రండి.