కారైకుడిలో వంట నేర్చుకోబోతున్న చిట్టికి

చిట్టీ,

ఆఫీసుకు సెలవు పెట్టి ఒక్కదానివే కారైకుడి వెళ్తున్నావని, అక్కడ ఎవరింట్లోనో నాలుగు రోజులుండి చెట్టినాడు వంట నేర్చుకుంటావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను మధురైలో కాపురమున్నప్పుడు కారైకుడి బస్సులో రెండు గంటల దారి, అయినా ఒక్కసారి కూడా వెళ్లలేకపోయాను. నువ్వు వెళ్తున్నావంటే ఎంత గర్వంగా ఉందో, రాత్రి నిద్ర పట్టనంత భయంగానూ ఉంది.

ముందు భయం సంగతి. ఇన్‌హేలర్ పెట్టుకున్నావా? బ్యాగు అడుగున కాదు, చేతికి అందేట్టు. ఆ వంటలో మసాలా అప్పటికప్పుడు వేయించి నూరతారు. ఎండుమిర్చి, మిరియాలు, సోంపు, రాతిపువ్వు, మరాఠీ మొగ్గ కలిసి వేడి మూకుడులో పడ్డాయంటే ఆ ఘాటుకు మామూలు వాళ్లకే దగ్గు ఆగదు. నీకు ఆరేళ్లప్పుడు మా ఇంట్లో కారం దంచుతుంటే నీకు ఊపిరాడక పెదాలు నీలంగా అయిపోయాయి, మీ పెదనాన్న నిన్ను భుజాన వేసుకుని ఆటో దాకా పరుగెత్తాడు. నీకు గుర్తుండదు, నేను మాత్రం మర్చిపోలేదు. అందుకని మొదటిరోజే వాళ్లకు చెప్పు, మిర్చి వేయించేటప్పుడు పెరట్లోకి వెళ్లి నిలబడతానని. అందులో నామోషీ ఏమీ లేదు.

చెన్నై ఎగ్మోర్‌లో పల్లవన్ రైలు ఎక్కితే కారైకుడి చేరేసరికి రాత్రవుతుంది, స్టేషనుకు ఎవరైనా వచ్చేట్టు ముందే మాట్లాడుకో. నీ చేత్తో వండనిస్తారా, లేక చూపించి భోజనం పెట్టి పంపేస్తారా అన్నది డబ్బు కట్టకముందే అడుగు. పొయ్యి దగ్గర చున్నీ వద్దు.

భాష వస్తుందిలే, సినిమాలు చూస్తాను కదా అంటావు. వంటింటి అరవం వేరే తల్లీ. మిళగు అంటే మిరియాలు, మిళగాయ్ అంటే మిరపకాయ. వెందయం మెంతులు, వెంగాయం ఉల్లిపాయ, పెరుంగాయం ఇంగువ. అన్నిటికంటే ముఖ్యం, పోడు అంటే వెయ్యి, పోదుం అంటే చాలు. చేతిలో కారం గరిటె ఉన్నప్పుడు ఈ రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. తాలింపుకు మాత్రం ఇబ్బంది లేదు, వాళ్లూ తాళిప్పు అనే అంటారు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను, ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. 1991లో మీ పెదనాన్నకు మధురై బదిలీ అయింది. మా పక్క వాటాలో కారైకుడి వైపు నుంచి వచ్చిన ఒక ఆచ్చి ఉండేది. నగరత్తార్ల, అంటే చెట్టినాడు చెట్టియార్ల, ఇళ్లలో పెద్దావిడను ఆచ్చి అంటారు, నువ్వూ అలాగే పిలువు, ఆంటీ అనకు. ఆవిడ వత్తకుళంబు, అంటే ఎండబెట్టిన కాయలతో పులుసు, పెట్టిన రోజు ఆ వాసనకు మా ఇంట్లో అన్నం సయించేది కాదు. నేర్పమని నేనే వెళ్లి అడిగాను. సంతోషంగా రమ్మంది.

మొదటిరోజు కుళి పణియారం. కడప పిల్లను, పొంగణాలు నాకు కొత్తవా? మా అమ్మ ఇలా చెయ్యదు, శనగపప్పు నానబెట్టి వేస్తుంది అన్నాను. "అప్పడియా" అంది, అంటే అలాగా అని. మర్నాడు రసం పెడుతుంటే మా చారు ఇంతకంటే ఘాటుగా ఉంటుందన్నాను. మళ్లీ అదే మాట. మూడోరోజు వత్తకుళంబు. మజ్జిగలో ఉప్పేసి నానబెట్టి ఎండబెట్టిన ఉస్తికాయలను, వాళ్లు సుండక్కాయ్ అంటారు, నువ్వుల నూనెలో నల్లబడే ముందు దాకా వేయించి, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి వేసి, చిక్కటి చింతపండు రసం పోసింది. వత్తల్‌లోనే ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు ఆఖర్న చూసి వేసుకోమంది. పులుసు మరిగి మరిగి నూనె పైకి తేలింది. ఆవిడ కష్టపడి మెల్లగా, నాకు అర్థమయ్యేట్టు చెబుతోంది, నేనేమో గుమ్మంలో నిలబడి మా ఇంట్లో పులుసు ఎలా కాస్తామో వచ్చీరాని అరవంలో చెబుతూనే ఉన్నాను. దించే ముందు ఆవిడ పక్కకు తిరిగి అరలోంచి ఏదో తీసి వేసింది. నేను మాటల్లో ఉండి చూడలేదు.

నాలుగోరోజు వెళితే తలుపు దగ్గరే నవ్వుతూ గిన్నె చేతికిచ్చింది, లోపలికి రమ్మనలేదు. తర్వాత కూడా పండగకీ పబ్బానికీ గిన్నె వచ్చేది. పిలుపు రాలేదు. ఏడాదిన్నరకు మాకు బదిలీ అయింది. వెళ్లొస్తానని చెప్పడానికి వెళ్లినప్పుడైనా తప్పయిందని అందామనుకున్నాను, నోరు రాలేదు. ఆవిడ పోయిందని మాకు తెలిసేసరికి ఆరు నెలలు దాటింది.

అప్పటినుంచి ఆ కుళంబు ఎన్నిసార్లు పెట్టానో. చివర్లో బెల్లం ముక్క వేసి చూశాను. వేయించిన మెంతిపొడి వేశాను. పచ్చి నువ్వుల నూనె ఓ చెంచా పోశాను. బాగుందనే అంటారు అందరూ, కానీ అది కాదు.

అందుకే చెప్తున్నాను, ఆ నాలుగు రోజులూ మన వంట ఊసెత్తకు. నీకు వచ్చిన వంటకమైనా రానట్టే చూడు. పుస్తకంలో రాసుకోవడం రాత్రికి పెట్టుకో, వాళ్లు పొయ్యి ముందున్నంతసేపూ వాళ్ల చెయ్యే చూడు. ఆ ఇళ్లలో బర్మా టేకు స్తంభాలూ, నేలకు పరిచిన ఆత్తంగుడి పలకలూ ఫోటోలు తీసుకుంటావు, తీసుకో, వద్దనను, వంట అయ్యాక. బర్మా నుంచి వచ్చిన నల్లబియ్యం, కవుని అరిసి, దొరికితే ఓ కిలో తే. ముందురోజు రాత్రే నానబెట్టాలి అది, మర్చిపోకు.

నువ్వు నాలా నోటి దురుసుదానివి కాదని తెలుసు. అయినా రాస్తున్నాను, కోప్పడకు. వత్తకుళంబు నేర్పుతారో లేదో అడుగు, లేకపోతే బతిమాలి అయినా పెట్టించుకో. దించే ముందు వాళ్ల చెయ్యి ఏ అర వైపు వెళ్తుందో చూసి, ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ