షాపులో నిమ్మ, జొన్నాడ బ్రిడ్జి మీద కలరా ఉండ

"తేలికపాటి పూల సెంటు కొన్నాను, షాపులో బ్రహ్మాండంగా ఉంది, గంట తిరిగేసరికి ఒంటి మీద వాసన మారిపోయింది, నకిలీదా?" అని అడిగారు. కాకపోవచ్చండీ. నాకూ అచ్చం ఇలాగే అయింది, అదీ పెళ్ళికి వెళ్తూ బస్సులో.

రెండేళ్ళ క్రితం వైశాఖంలో, అమలాపురంలో మా దొడ్డమ్మ మనవరాలి పెళ్ళి. ముందురోజు రాజమండ్రిలో ఓ షాపులో 50 మిల్లీలీటర్ల సీసా కొన్నాను. షాపులో పిల్ల కాగితం ముక్క మీద కొట్టి చేతికిచ్చింది. నిమ్మతొక్క గిల్లినట్టు, ఆ ఎండలో ప్రాణం లేచొచ్చింది. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమంది, ముక్కు తేటపడుతుందట. నా మోచెయ్యి నేను వాసన చూసుకున్నా అంతే పని. ఆ గింజలు ఫిల్టర్లో వేసుంటే కాఫీ అయినా దక్కేది.

సాయంత్రం నాలుగింటికి మణికట్లకీ మెడకీ కొట్టుకుని బస్సెక్కాను. వేమగిరి దాటకుండానే నిమ్మ హుష్‌కాకి. ఆ పైపై వాసనలు పావుగంట సరుకు, అన్నిటికంటే ముందు ఆవిరైపోతాయి. మన ఎండలకైతే ఇంకా తొందర. కడియపులంక దగ్గరకొచ్చేసరికి పూలు విప్పుకున్నాయి. అక్కడేమో పూల మార్కెట్టు. ఈ జాజివాసన కిటికీదా, నా చేతిదా అని రెండుసార్లు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే పక్కావిడ అదోలా చూసింది. నా చేతిదే. ఆ కాసేపటికే డబ్బులు గిట్టాయనుకున్నాను.

జొన్నాడ బ్రిడ్జి మీద మళ్ళీ చూసుకుందును కదా, బీరువాలో కలరా ఉండ వాసన! పెళ్ళింట్లో అడుగు పెట్టానో లేదో మా పిన్ని పట్టేసింది: "ఏంటే, చీర ఇప్పుడే బీరువాలోంచి తీశావా?"

రాత్రంతా చేతులు దాచుకునే తిరిగాను. తెల్లారి లేచి చూస్తే దిండు మీద పిన్ని జడలోంచి రాలిన మల్లెలు, వాడి గోధుమరంగుకి తిరిగినవి. ఒకటి తీసి వాసన చూశాను. బస్సులో నా చేతి మీద వచ్చిందే! తియ్యగా, కాస్త మురిగినట్టు, వెనకాల కలరా ఉండ. ఇండోల్ అనే పదార్థం మల్లెల్లో, జాజుల్లో సహజంగానే ఉంటుందని తర్వాత తెలిసింది. కొంచెముంటే పువ్వు, మోతాదు మించితే కలరా ఉండ. నిమ్మ తెర తొలగాక నా చేతి మీద బయటపడింది అదే. తెల్లారేసరికి అదీ పోయి, ఉతికి ఆరేసిన నూలుచీర లాంటి సన్నటి కస్తూరి వాసన మిగిలింది. ఈ రోజుల్లో కస్తూరంటే చాలామటుకు ల్యాబులో చేసిందేలెండి. నన్నడిగితే ఆ మురుగు ఛాయ లేని పూల సెంటు వట్టి సబ్బు.

కాగితానికి వేడి లేదు, చెమట లేదు, జిడ్డు లేదు. దాన్ని నమ్మి కొనడం ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకోవడమే. ఒంటి మీద కొట్టించుకుని, బజారు పనులు చూసుకుని, గంటన్నర ఆగి అప్పుడు కొనండి. 24 గంటలు ఉంటుందన్న మాటలు వినకండి. సీసా మీద ‘ఓ డి టాయ్‌లెట్’ (eau de toilette, తేలిక రకం సెంటు) అని రాసుంటే సెంటు నూనెలు సుమారు 5 నుంచి 15 శాతం, మిగతాది చాలావరకు ఆల్కహాలే. అడుగున సన్నగా మిగిలేది పక్కన పెడితే, నాలుగు గంటలు నిలిస్తే గొప్ప. ఒళ్ళు పొడిబారితే అదీ నిలవదు, ముందు వాసన లేని క్రీము రాసుకోండి. పట్టుచీర మీద మాత్రం కొట్టొద్దు, మరక పడుతుంది.

నా సీసా ఇప్పుడు పిన్ని దగ్గరే ఉంది. ఎంత చెప్పినా వినకుండా ప్రతి పెళ్ళికీ పట్టుచీర కొంగుకే కొట్టుకుంటుంది, మరక పడితే నాకు ఫోన్ చేసి తిడుతుంది.