నల్లమల దారిలో ఫోనా, కాగితం మ్యాపా?

ప్రశ్న: ఆత్మకూరు, దోర్నాల మీదుగా మోటారు సైకిల్‌పై శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాను. అడవిలో సిగ్నల్ ఉండదంటున్నారు. జీపీఎస్‌ను నమ్ముకోవచ్చా, కాగితం మ్యాపు కూడా అవసరమా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సిగ్నల్ పోతే జీపీఎస్ కూడా పోతుందన్నది చాలామందికి ఉన్న అపోహ. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, సెల్ టవరు లేకపోయినా మీరెక్కడున్నారో ఫోను లెక్కగట్టగలదు. ఆగిపోయేది ఇంటర్నెట్ ద్వారా రావలసిన మ్యాపు మాత్రమే. కాబట్టి ఆ ప్రాంతపు మ్యాపును బయలుదేరే ముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోండి.

అయితే హ్యాండిల్‌కు బిగించిన ఫోను ఎండకు వేడెక్కి, తెర మసకబారి, ఒక్కోసారి దానంతటదే ఆగిపోతుంది. కర్నూలు ఎండ సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే మడిచి ట్యాంకు సంచి పైనున్న ప్లాస్టిక్ అరలో పెట్టుకునే రోడ్డు మ్యాపు ఒకటి ఉండటం మంచిదని మా అభిప్రాయం. దోర్నాలలో ఎడమకు చీలేది శ్రీశైలం దారి అనీ, రెండోది మార్కాపురం వైపు పోతుందనీ అందులో ఒక్క చూపులో తెలుస్తుంది. పులుల అభయారణ్యం గుండా సాగే ఆ రోడ్డుపై రాత్రివేళ రాకపోకలకు ఆంక్షలుంటాయి. ఆ వేళలను మాత్రం ముందుగానే అటవీశాఖ చెక్‌పోస్టులో అడిగి తెలుసుకోండి.