పాఠకుల ప్రశ్నలు: టర్న్‌టేబుల్ చేసినవాళ్లు రికార్డులు ఎందుకు తీశారు?

టర్న్‌టేబుళ్లు (ఎల్పీ రికార్డులు తిప్పి పాట వినిపించే యంత్రాలు) చేసే లిన్ కంపెనీ సొంత రికార్డు లేబుల్ కూడా నడిపిందట. పరికరాలు అమ్మేవాళ్లకు పాటలతో పనేమిటి? – ఒక పాఠకుడు, అమలాపురం

ఆ కంపెనీ ఏ వాదం మీద పుట్టిందో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఐవర్ టీఫెన్‌బ్రున్ 1973లో స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో లిన్ స్థాపించాడు. తండ్రిది సూక్ష్మ కొలతలతో లోహభాగాలు తయారుచేసే వర్క్‌షాపు. సౌండు బాగుండాలంటే మంచి స్పీకర్లు కొనాలి, టర్న్‌టేబుల్ సరైన వేగంతో తిరిగితే చాలు అన్నది అప్పటి నమ్మకం. టీఫెన్‌బ్రున్ దాన్ని తలకిందులు చేశాడు. రికార్డు మీది గాడిలోంచి ముల్లు తీయలేకపోయిన స్వరాన్ని తర్వాత ఏ యాంప్లిఫయరూ పుట్టించలేదన్నాడు.

ఇది అమ్మకం కోసం చెప్పిన మాట కాదు, లెక్క ఉంది. ముల్లు కదలికను కరెంటుగా మార్చే మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చేది దాదాపు 5 మిల్లీవోల్టులే. పైగా ఎల్పీ కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను ఫోనో స్టేజి (టర్న్‌టేబుల్ సిగ్నల్‌ను మొదట పెంచే యాంప్లిఫయర్) తిరిగి పెంచుతుంది: 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 9 రెట్లకు పైగా. మోటారు అదురు, ఇరుసు గరగర ఉండేది సరిగ్గా ఆ కింది భాగంలోనే. అందుకే లిన్ సోండెక్ ఎల్పీ12 అనే టర్న్‌టేబుల్‌లో ఇరుసును నూనెలో ఒకే మొన మీద నిలబెట్టారు. పళ్లెం, ముల్లును మోసే చెయ్యి (టోన్ ఆర్మ్) రెండింటినీ మూడు స్ప్రింగుల మీద వేలాడే ఒకే చట్రానికి బిగించారు. రెండూ కలిసి కదిలితే ముల్లుకూ గాడికీ మధ్య తేడా రాదు.

ఆ వాదాన్ని ఇంకో అడుగు వెనక్కి తీసుకెళితే రికార్డే వస్తుంది. గాడిలోనే లేనిదాన్ని ఎల్పీ12 మాత్రం ఎక్కడనుంచి తెస్తుంది? 1980ల మొదట్లో లిన్ రికార్డ్స్ మొదలైంది. గ్లాస్గో బృందం బ్లూ నైల్ తొలి ఆల్బమ్‌ను 1984లో విడుదల చేసింది. 2009లో సీడీ ప్లేయర్ల తయారీ ఆపేసి ఫైళ్ల నుంచి పాట వినిపించే నెట్‌వర్క్ ప్లేయర్ల వైపు వెళ్లినప్పుడు కూడా, స్టూడియో మాస్టర్ ఫైళ్లు అమ్మడానికి సొంత లేబుల్ ఉండటం కలిసొచ్చింది.

ఎదురు దారిలో వచ్చినవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో కవిచంద్రన్ అలెగ్జాండర్ నడిపిన వాటర్ లిలీ అకౌస్టిక్స్ ముందు లేబుల్. దానికి కావలసిన వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) రికార్డింగ్ పరికరాలను టిమ్ డి పారవిచినీ అనే ఇంజినీరు చేత ప్రత్యేకంగా చేయించుకున్నారు. రెండే మైకులతో పట్టిన విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ జంట ఆల్బమ్‌కు 1994లో గ్రామీ వచ్చింది.

మా ఊరి బుర్రకథ దళాన్ని రెండు మైకులతో రికార్డు చేయాలని ఉంది. ఎలా? – రాజోలు నుంచి కొందరు మిత్రులు

తప్పకుండా చేయండి. రెండు మైకుల పద్ధతి బుర్రకథకు చక్కగా నప్పుతుంది, కథకుడు మధ్యలో, వంతలు అటూ ఇటూ నిలబడి ఉంటారు కాబట్టి. బ్రిటిష్ ఇంజినీరు బ్లూమ్‌లైన్ 1931లో పేటెంట్‌కు పెట్టిన రెండు మైకుల పద్ధతికి ఫిగర్-ఎయిట్ (ముందు, వెనక రెండు వైపులా వినే) మైకులు కావాలి, అవి ఖరీదు. ఒకే మోడల్ కార్డియాయిడ్ (ముఖ్యంగా ముందువైపే వినే) మైకులు రెండు తీసుకుని, మొనలు చెరోవైపు బయటికి తిరిగి, వాటి మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు ఉండేలా ఒకే స్టాండుకు బిగించండి. కథకుడికి 2 మీటర్ల దూరంలో, తల ఎత్తుకు కాస్త పైన పెట్టి మొదలుపెట్టండి. గుమ్మెటలు గొంతును మింగేస్తుంటే మూడో మైకు పెట్టకండి, వంతల్ని అరడుగు వెనక్కి జరపండి.

శ్లాబు గదిలో చప్పట్లు కొట్టి చూడండి. ‘టంగ్’మని మోగితే ఆ గది పనికిరాదు. పెంకుటింటి చావడి మేలు. గోడల వెంట ధాన్యం బస్తాలు ఉంటే ఇంకా మంచిది. ఫ్యాన్లు ఆపండి. రొయ్యల చెరువు దగ్గరుంటే ఏరేటర్లు ఆగే వేళ అడిగి తెలుసుకోండి. ఆ మోత 80 హెర్ట్జ్ కింది శబ్దాలను తగ్గించే ఫిల్టర్‌తో పూర్తిగా పోదు.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. స్టీరియోకు గంటకు ఒక జీబీ దాకా పడుతుంది. అందెల దెబ్బకు కూడా లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. తగ్గితే తర్వాత పెంచుకోవచ్చు, చిట్లిన శబ్దాన్ని బాగుచేయలేం. రికార్డర్‌ను బ్యాటరీ మీదే నడపండి. వానాకాలంలో కండెన్సర్ మైకు చిటపటలాడితే లోపల తేమ చేరినట్టే, సిలికా జెల్ వేసిన గట్టిమూత డబ్బాలో ఉంచాలి.

అమెరికా నుంచి తెచ్చిన బెల్టు టర్న్‌టేబుల్‌ను 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టాం. పాట సాగదీసినట్టు వస్తోంది. – ఒక పాఠకురాలు, భీమవరం

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఏసీ సింక్రనస్ మోటారైతే 33⅓ బదులు నిమిషానికి సుమారు 27.8 చుట్లే తిరుగుతుంది. నాలుగు శ్రుతిలో పాడిన పాట రెండు శ్రుతికి దిగిపోతుంది! పళ్లెం అంచున కాగితం అంటించి లెక్కపెట్టండి, 3 నిమిషాల్లో 100 చుట్లు రావాలి. బెల్టు మార్చి లాభం లేదు. 50 హెర్ట్జ్ పుల్లీ వేయించాలి. దాని వ్యాసం పాతదానికి 1.2 రెట్లు. డీసీ మోటారు టర్న్‌టేబుళ్లకు ఈ ఇబ్బంది లేదు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం నడపకండి, ఏసీ మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది.

తాతగారి 78 రికార్డులకు బూజు పట్టింది. స్పిరిట్‌తో తుడవొచ్చా? – ఒక పాఠకుడు, నరసాపురం

వద్దు, ఎంతమాత్రం వద్దు. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌కు కరిగిపోతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో బూజు దులపండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల లిక్విడ్ సోపు కలిపి, తడిపి పిండిన గుడ్డతో గాడి వెంట తుడవండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. బోరు నీళ్లు వాడితే ఉప్పు గాడిలో మిగిలిపోతుంది. నానబెట్టకూడదు, మధ్య లేబుల్ తడవకూడదు, ఎండలో పెట్టకూడదు. ఆరాక నిలువుగా పేర్చండి. వినేటప్పుడు ఎల్పీ ముల్లు కాదు, 75 మైక్రాన్ల 78 ముల్లు పెట్టండి. ఎల్పీది సన్నగా ఉండి గాడి అడుగున దుమ్ములో నడుస్తుంది, గరగర ఎక్కువై పాట సరిగ్గా వినిపించదు.