ఖాతా మార్పుకు అధ్యక్షుడి సంతకం అవసరం లేదు

బెంగళూరు శివారు పురసభ (పట్టణ మున్సిపాలిటీ) పరిధిలో ఇల్లు కొన్నామని, ఖాతా, అంటే పురసభ ఆస్తి పన్ను రికార్డు, మీ పేరుకు మారాలంటే పురసభ అధ్యక్షుడు సంతకం పెట్టాలని ఎవరో చెప్పారని రాశారు. దయచేసి ఆయన ఇంటి చుట్టూ తిరగకండి. కర్ణాటకలో 1964 నాటి పురపాలక చట్టం ప్రకారం వార్డు సభ్యులు, వాళ్లు తమలోంచి ఎన్నుకున్న అధ్యక్షుడు చూసేవి బడ్జెట్, తీర్మానాలు. రోజువారీ పాలన ప్రభుత్వం నియమించే ముఖ్యాధికారిది. ఖాతా అర్జీని రెవెన్యూ సిబ్బంది పరిశీలిస్తారు, ముఖ్యాధికారి ఆమోదిస్తారు.

క్రయపత్రం, ఈసీ (ఆస్తి లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం), పన్ను రసీదు జతచేసి అర్జీ ఇవ్వండి. సకాల రసీదు అడిగి మరీ తీసుకోండి, ఇది మాత్రం వదలవద్దు. 2011 నాటి సకాల చట్టం ఇలాంటి సేవలకు గడువు పెట్టింది. రసీదు మీద ఉన్న సంఖ్యతో అర్జీ ఎక్కడ ఆగిందో చూడవచ్చు; గడువు దాటితే పై అధికారికి అప్పీలు చేయవచ్చు.

మీ వీధి మురుగుకాలువ గురించి కూడా అడిగారు, దాని సంగతి వేరు. పూడిక తీయించడానికి హెల్త్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పండి. కొత్త కాలువే కావాలంటే నిధులు కేటాయించాలి, సభలో తీర్మానం కావాలి. అక్కడ మీ వార్డు సభ్యుడినే గట్టిగా పట్టుకోవాలి. అర్జీ కన్నడలో ఉంటే పని సులువు. రాయడం రాకపోతే పక్కింటివారిని అడగండి, తప్పకుండా సాయం చేస్తారు.